పేరే నేరమైనప్పుడు

ఆరోపణ వేరు, నిరూపణ వేరు. ఒకడు దొంగతనం చేశాడని పోలీసులు అనటం ఆరోపణ. సాక్ష్యం విని, ముద్దాయి చెప్పుకునేది కూడా విని, న్యాయస్థానం తేల్చి చెప్పేది నిరూపణ. ఈ రెంటికీ మధ్య వున్న ఎడంలోనే మనిషి హక్కులన్నీ నిలబడి వున్నాయి. జామీను అడగటానికీ, వకీలును పెట్టుకోవటానికీ, సాక్షిని ఎదురు ప్రశ్నించటానికీ, పై కోర్టుకు పోవటానికీ చోటు దొరికేది ఆ ఎడంలోనే. అది తగ్గినకొద్దీ చట్టం మనిషికి తెరిచి వుంచిన దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి.

లోకం ఈ ఎడాన్ని పాటించదు. "నిప్పు లేనిదే పొగ రాదు" అంటుంది. ఖూనీకేసులోనో, దోపిడీకేసులోనో ఒకసారి పేరెక్కినవాడికి ఊళ్లో అప్పు పుట్టదు, ఇల్లు అద్దెకు దొరకదు, ఆ ఇంటి పిల్లకు సంబంధం రాదు. ఏళ్లు గడిచిన తరువాత కోర్టు అతన్ని వదిలిపెడితే, "కేసు కొట్టేశారు" అంటారు గాని "అతను నిర్దోషి" అనరు. ఈ రెండు మాటలకూ వున్న తేడాలో ఒక మనిషి జీవితమంతా ఇరుక్కుపోతుంది.

అయినా ఇది లోకం చేసే అన్యాయం. దీనికి ఎదురుగా నిలబడవలసింది చట్టం. ఆ చట్టమే లోకం పక్షాన చేరి, నిరూపణ అక్కర్లేదు, ఆరోపణే చాలు అన్నప్పుడు ఏమవుతుంది? ఒక మనిషి మీద కాదు, ఒక కులం మీద, ఇంకా పుట్టని బిడ్డతో సహా, ఆ మాట అంటే ఏమవుతుంది? ఇది ఊహించి అడుగుతున్న ప్రశ్న కాదు. ఎనభై ఏళ్లకు పైగా మన దేశంలో ఇదే చట్టం. దాని పేరు నేరస్థ జాతుల చట్టం.

ఈ చట్టం పుట్టిన సందర్భంలోనే గమనించదగిన విషయం ఒకటి వున్నది. 1871 అక్టోబరులో ఇది ఆమోదం పొందినప్పుడు వైస్రాయి మండలిలో న్యాయశాఖ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. మరుసటి సంవత్సరం, 1872లో, భారత సాక్ష్య చట్టాన్ని రచించినవాడు కూడా ఆయనే. ముద్దాయి చెడునడత గలవాడన్న సంగతి అతని నేరానికి రుజువుగా పనికిరాదని ఆ సాక్ష్య చట్టం ఒక నియమం పెట్టింది. తాను మంచివాడినని ముద్దాయి తానై సాక్ష్యం తెస్తే తప్ప, అతని చెడ్డపేరు మాట కోర్టులో ఎత్తకూడదు. ఇది గొప్ప నియమమే. సాక్ష్య చట్టం 2024 జూలైలో కొత్త చట్టానికి చోటిచ్చి తప్పుకున్నా ఆ నియమం మాత్రం నిలిచే వున్నది. ఒకే మండలి, ఒకే న్యాయకోవిదుడు, ఏడాది వ్యవధిలో రెండు చట్టాలు. ఒకదానిలో చెడ్డపేరు సాక్ష్యానికే పనికిరాదు. రెండవదానిలో చెడ్డపేరు వుంటే సాక్ష్యంతోనే పనిలేదు.

దీన్ని ఆనాటి భావాల ప్రభావం అని సరిపెట్టుకోవచ్చునా? అదే కాలంలో ఇంగ్లండులోనూ "నేరస్థ వర్గాల" భయం వున్నది. అక్కడ 1869లోనూ 1871లోనూ పాత నేరస్థుల మీద నిఘా పెట్టే చట్టాలు చేశారు. కాని అక్కడ మనిషి ముందు శిక్షపడిన నేరస్థుడు కావాలి. ఆ తరువాతనే నిఘా. ఇక్కడ పుట్టితే చాలు. వడ్రంగి కొడుకు వడ్రంగి, సాలెవాని కొడుకు సాలెవాడు అయ్యే దేశంలో దొంగ కొడుకు దొంగే అవుతాడని వాదించారు. మన కులవ్యవస్థను అనాగరికమని ఈసడించిన పాలకులే, తమకు పనికివచ్చేచోట దాన్ని శాస్త్రంగా స్వీకరించి శాసనంలోకి ఎక్కించారు. వలసప్రభుత్వం తెచ్చిన ఆధునికతకు ఇలాంటి ముఖం కూడా ఒకటి వున్నదని మన చరిత్రకారులు తగినంతగా చెప్పలేదు.

మొదట ఈ చట్టం ఉత్తరదేశానికే వర్తించింది. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. 1924లో మరొకసారి సమకూర్చారు. ఇందులో మనిషికి మిగిలిన న్యాయమార్గాలు ఎన్నో ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక జాతి గాని, ముఠా గాని, వర్గం గాని జామీను లేని నేరాలకు అలవాటుపడినదని నమ్మటానికి కారణం వున్నదని ప్రభుత్వం అనుకుంటే, గెజిట్‌లో ప్రకటన చెయ్యవచ్చు. నమ్మటానికి కారణం వుంటే చాలు, రుజువు అక్కర్లేదు. ఆ ప్రకటన చెల్లదని ఏ న్యాయస్థానమూ ప్రశ్నించటానికి వీల్లేదు. ఆ జాతివాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. తన పేరు పొరపాటున ఎక్కిందని ఎవరైనా అంటే, మొరపెట్టుకోవలసింది జిల్లా మేజిస్ట్రేటు దగ్గర. అంటే రిజిస్టరు రాయించే అధికార యంత్రాంగానికి తలకాయ అయినవాని దగ్గరే. పేరెక్కినవాడు నిర్ణీత వేళల్లో హాజరు చెప్పుకోవాలి. ఊరు విడిచి పోవాలంటే తెలియజేసి పోవాలి. అనుమానాస్పదంగా కనిపించాడంటే చాలు, మూడేళ్లదాకా ఖైదు. కొన్ని నేరాలకు రెండవసారి శిక్షపడితే ఏడేళ్లకు తగ్గకూడదు. మూడవసారి అయితే యావజ్జీవ ద్వీపాంతరం. అదే దొంగతనం అదే రాత్రి ఇద్దరు కలిసి చేసినా, రిజిస్టరులో పేరున్నవాడికి ఒక శిక్ష, లేనివాడికి మరొక శిక్ష. ఆరేళ్లనుంచి పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడులలో పెట్టే అధికారం కూడా ప్రభుత్వం చేతిలో వున్నది.

మామూలు ముద్దాయికి వున్న రక్షణలన్నీ ఒక ప్రశ్న చుట్టూ అల్లుకున్నవి: "నువ్వు ఈ పని చేశావా?" దీనికి "లేదు" అని జవాబు చెప్పుకోవచ్చు; రుజువు అడగవచ్చు. ఈ చట్టం అడిగేది వేరు: "నువ్వు ఎవరి బిడ్డవు?" దీనికి ఏ వకీలు ఏం వాదిస్తాడు? ఫలానా రాత్రి నేను ఫలానాచోట వున్నానని నిరూపించుకోవచ్చు గాని, ఫలానా తల్లికి పుట్టలేదని ఎవరు నిరూపించుకుంటారు?

తెలుగుదేశంలో ఈ చట్టం పాలబడినవారిలో ముఖ్యులు ఎరుకలవారు. వారి చరిత్ర చూస్తే ఈ "నేరస్వభావం" ఎక్కడినుంచి వచ్చిందో తెలుస్తుంది. ఎరుకలలోని శాఖల పేర్లు గమనించండి: ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల, పరికముగ్గుల ఎరుకల. అన్నీ వృత్తుల పేర్లే. సముద్రతీరాన పండిన ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి తాలూకాలకు పోయి, అక్కడి ధాన్యంతో మారకం చేసుకుని తిరిగి వచ్చేవాళ్లు. మార్గం లేని ఊళ్లకు ఉప్పు అందించిన వర్తకులు వీళ్లు. దారి పొడుగునా అడవిలో వెదురు, ఈతాకు తెచ్చి బుట్టలూ చాపలూ అల్లేవాళ్లు. ఆడవాళ్లు సోదె చెప్పేవాళ్లు.

ఈ బతుకును ఎవరు విరిచారు? 1805లో కుంపిణీ మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధికారం తీసుకుంది. తరువాత రోడ్లూ రైళ్లూ వచ్చి, ఎద్దు మోసే ఉప్పును బండి మొయ్యసాగింది. 1876-78 నాటి ధాతుకరువులో మనుషులతోపాటు పశువులూ చచ్చాయి. పశువు చస్తే ఎరుకలవాని వ్యాపారమే చచ్చింది. 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చి, మేపు కోసం, వెదురు కోసం అడవిలో అడుగుపెట్టటం నేరమైంది. ఇన్ని దెబ్బలు తిన్నవాడు ఊరూరా తిరుగుతుంటే, "వీడికి కనిపించే జీవనోపాధి లేదు, కనక దొంగ" అని పోలీసులు రాసుకున్నారు. ఉపాధి తీసివేసినవాళ్లే, ఉపాధి లేదన్న నేరం మోపారు.

పేరు చెడటమన్నది దానంతట అది జరగదు. పని పెట్టుకుని చెడగొట్టాలి. దానికి పుస్తకాలు పుట్టాయి. 1892లో ములాలీ అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని నేరస్థ వర్గాల గురించి ఒక పుస్తకం రాశాడు. 1905లో పాపారావు నాయుడు అనే మన పోలీసు అధికారి ఎరుకల, కొరవల చరిత్ర అంటూ మరొకటి రాశాడు. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు వేస్తూ ఇలాంటి పోలీసు రాతలను ఎత్తి పొందుపరిచాడు. పోలీసు అనుమానం పుస్తకమైంది, పుస్తకం శాస్త్రమైంది, శాస్త్రాన్ని చూపించి ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటన చేసింది, ఆ ప్రకటనను చూపించి పోలీసు మళ్లీ అనుమానించాడు. ఈ గుండ్రపు దారిలో ముద్దాయి నోరు విప్పే చోటు ఎక్కడా లేదు.

భాషను కూడా వదిలిపెట్టలేదు. ప్రభుత్వ జాబితాల్లో "దొంగ దాసరి", "దొంగ ఒడ్డె", "దొంగ యాత" అన్న పేర్లు కనిపిస్తాయి. ఉప్పు, దబ్బ, కరివేపాకు అన్న విశేషణాలు వుండేచోట "దొంగ" వచ్చి కూర్చున్నది. కులం పేరులోనే తీర్పు చెప్పేశారు. ఈ మాట వేసింది తెల్లదొర ఒక్కడే కాదు. తెలుగు మాట గనక తెలుగువాని నోటినుంచే అది రిజిస్టరులోకి పోయింది. ఊరి మోతుబరీ, గ్రామ మునసబూ, కానిస్టేబులూ కలిసి అప్పటికే అంటున్న మాటకు సర్కారు ముద్ర వేసింది.

ఇక సెటిల్‌మెంట్ల సంగతి. 1913లో గుంటూరు జిల్లా బాపట్ల దగ్గర ఒక ఊరు వెలసింది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరుమీద దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. నెల్లూరు జిల్లా కావలిలో ఇటువంటిదే అమెరికన్ బాప్టిస్టు మిషన్ చేతికిచ్చారు. నేరం ఒక రోగం, దానికి వైద్యం వున్నదని సాల్వేషన్ ఆర్మీ నాయకుడు బూత్-టక్కర్ ప్రచారం చేశాడు. ఆ వైద్యానికి ఒక శాస్త్రం పేరు కూడా కల్పించాడు. మిషనరీలలో మంచి మనసు గలవాళ్లు లేరని అనను. బడులు పెట్టారు, భూములు సాగు చేయించారు, వాటివల్ల చదువుకున్నవాళ్లు వున్నారు. కాని రోగి కానివాణ్ణి ఆసుపత్రిలో బంధించి ఎంత మంచి పథ్యం పెట్టినా అది బందిఖానాయే. సెలవుచీటీ లేకుండా దాటి పోవటానికి వీల్లేని ఊరు అది.

ఆ వైద్యం ఎవరికి లాభించిందో కూడా చూడాలి. చీరాలలో పొగాకు కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. దానికి కూలీలు కావాలి. స్టువర్టుపురం నుంచి సెటిల్‌మెంటు వాళ్లను అక్కడ పనికి పెట్టారు. స్వతంత్రుడైన కూలివాడు కూలి చాలకపోతే మరొకచోటికి పోతాడు. సెటిల్‌మెంటు కూలివాడు పోతే అది పారిపోవటం; పారిపోవటం నేరం. మనిషి మీద పడిన నేరముద్ర పెట్టుబడికి ఎలా వుపయోగపడిందో ఇంతకంటె స్పష్టంగా చూపే వుదాహరణ అరుదు. పరువు పోయినవాడి శ్రమ చవక. బేరమాడే హక్కు పరువుతో పాటే పోతుంది.

దీన్ని అందరూ నోరు మూసుకుని భరించారని అనుకోరాదు. ఇదే మద్రాసు రాజధానిలో, మధుర జిల్లా పెరుంగామనల్లూరులో, కళ్లర్ కులస్థులు వేలిముద్రలు ఇవ్వటానికి నిరాకరించారు. 1920 ఏప్రిల్ 3న పోలీసులు వారి మీద కాల్పులు జరిపితే పదిమందికి పైగా చనిపోయారు. వేలిముద్ర ఇవ్వటమంటే దొంగనని సంతకం పెట్టటమేనని వాళ్లకు ఏ న్యాయశాస్త్రమూ చెప్పకుండానే తెలుసు. మనవైపు నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య పనిచేస్తూ ఈ చట్టం రద్దు కావాలని ఏళ్లతరబడి పోరాడారు. 1936లో నెల్లూరుకు వచ్చిన నెహ్రూ ఈ చట్టాన్ని పౌరస్వేచ్ఛకే విరుద్ధమని ఖండించారు.

మద్రాసు రాష్ట్రం 1947లో దీన్ని రద్దు చేసింది. దేశం మొత్తానికి విచారణ జరపటానికి 1949లో ఒక సంఘాన్ని వేశారు. దాని అధ్యక్షుడు మన చిత్తూరు జిల్లావారే, మాడభూషి అనంతశయనం అయ్యంగారు. ఆ సంఘం సిఫారసు చేసిన మీదట, 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా రద్దయింది. రాజ్యాంగం అమలులోకి వచ్చి అప్పటికి రెండున్నరేళ్లు దాటింది. చట్టం ముందు అందరూ సమానులని రాసుకున్న తరువాత కూడా ఆ రెండున్నరేళ్లు పుట్టుకతో దొంగలనబడే పౌరులు ఈ దేశంలో వున్నారు.

చట్టం పోయింది గనక కథ ముగిసిందా? ఒక తలుపు తీస్తూ మరొకటి మూశారు. మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో మరొకటి చేశారు. ఇవి జాతిని కాక వ్యక్తిని చూస్తాయి. శిక్షలు పడటాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. సూత్రరీత్యా ఇది ముందడుగే, కాదనను. కాని పోలీసు స్టేషన్‌లో వున్న పాత రిజిస్టరు చెయ్యి మారలేదు, కన్ను మారలేదు. ఎవరి ఇంట్లో ముందు సోదా చెయ్యాలో ఆ కంటికి అలవాటే. సోదా జరిగినచోట కేసు పుడుతుంది, కేసు పుట్టినచోట శిక్ష పడే అవకాశం వుంటుంది, శిక్షలు లెక్కకు చేరితే మళ్లీ "అలవాటు నేరస్థుడు".

కులంతో నిమిత్తం లేకుండా కూడా ఈ రిజిస్టరు ఎలా పనిచేస్తుందో ఒక తీర్పు చెబుతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఒక వ్యక్తిని 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలిపెట్టారు. అయినా పోలీసులు అతనిమీద చరిత్రపత్రం తెరిచి, అర్ధరాత్రి తలుపు తట్టి లేపి చూసిపోవటం సాగించారు. 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ రాత్రి సోదాలు చెల్లవని, మిగతా నిఘా చెల్లుతుందని తీర్పు చెప్పింది. కోకా సుబ్బారావుగారు మాత్రం జస్టిస్ షాతో కలిసి ఆ నిఘా మొత్తం రాజ్యాంగ విరుద్ధమని వేరు తీర్పు రాశారు. కనిపించని కాపలా వెంటాడుతున్నప్పుడు మనిషి నడిచినా అది స్వేచ్ఛ కాదన్నది ఆయన వాదనలోని సారం. తెలుగువాడైన ఆ న్యాయమూర్తి చెప్పినదే సరైనదని 2017లో గోప్యతాహక్కు తీర్పులో సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. యాభై అయిదేళ్లు పట్టింది. 2024 అక్టోబరు 3న అదే కోర్టు జైళ్లలో కులాన్నిబట్టి పనులు పంచే నియమాలను కొట్టివేస్తూ, విముక్త జాతులవారిని పుట్టుకతో నేరస్థులుగా చూసే జైలు నియమాలు చెల్లవన్నది. రద్దయిన చట్టం డెబ్భై ఏళ్లపాటు జైలు నియమాల పుస్తకాల్లో దాక్కుని బతికిందన్నమాట.

ఇక మన సంగతికి, అంటే భాష సంగతికీ సాహిత్యం సంగతికీ వద్దాం. "కేడీ" అన్న మాట తెలుగువాళ్లందరికీ తెలుసు. అది పోలీసు రిజిస్టరులో "తెలిసిన దొంగ" అనే అర్థమిచ్చే రెండు ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలు. ఇప్పుడు ఇంట్లో అల్లరి పిల్లవాణ్ణి తిట్టటానికి కూడా వాడతాం. రిజిస్టరు మన నాలుక మీదికి ఎక్కింది. స్టువర్టుపురం అనగానే దొంగ అన్న మాట దానంతట అది వస్తుంది. 1991 ఒక్క సంవత్సరంలోనే ఆ ఊరిపేరు తగిలించుకుని రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. ఆ ఊరినుంచి చదువుకుని ఉద్యోగానికి పోయిన కుర్రవాడు దరఖాస్తులో స్వస్థలం రాసేటప్పుడు కలం ఎందుకు ఆగుతుందో ఈ సినిమాలు తీసినవారు ఆలోచించారా?

మన పాత సాహిత్యం ఈ విషయంలో మనకంటె నాగరికంగా వుంది. మన యక్షగానాల్లో, కొరవంజుల్లో ఎరుకలసాని వస్తే అందరూ చెయ్యి చాపి కూర్చుంటారు. పద్మావతి మనసు తెలుసుకోవటానికి వేంకటేశ్వరుడే ఎరుకలసాని వేషం వేశాడని మన జనం చెప్పుకుంటారు. ఎరుక అంటే తెలివి, జ్ఞానం. దేవుడు వేసుకోదగిన వేషం అనుకున్న రూపం, వంద సంవత్సరాలలో పోలీసులు వెతకవలసిన రూపంగా మారింది. ఎరుకలవారు మారి కాదు. వారిని గురించి రాసేవారు మారి.

అభ్యుదయ రచయితలం మనం ఈ విషయంలో తప్పుకోలేము. సానుభూతితో రాసేటప్పుడు కూడా మనం తరచు ఒక వాదం వాడతాం: "పాపం, దరిద్రం వాళ్లను దొంగలను చేసింది." ఇది దయగా వినిపిస్తుంది. కాని వాళ్లు దొంగలన్న మొదటి మాటను ఇది ఒప్పుకున్నది. కారణం మార్చిందే గాని తీర్పు మార్చలేదు. రక్తంలో దొంగతనం వున్నదని స్టీఫెన్ కాలంవాళ్లు అన్నారు. కడుపులో వున్నదని మనం అంటున్నాం. అసలు అడగవలసింది, ఏ ఒక్క మనిషి మీదనైనా ఏ ఒక్క నేరమైనా రుజువైందా అని. రుజువైతే దానికి శిక్షాస్మృతి వున్నది, అది అందరికీ ఒకటే. ఎరుకలవారిలో దొంగతనాలు చేసినవారు లేరని ఎవరూ అనటం లేదు. ఏ కులంలో లేరు? బ్యాంకుల్ని ముంచినవాని కులాన్ని ఏ గెజిట్ ప్రకటించింది?

ఒక మనిషి మీద తీవ్రమైన ఆరోపణ వచ్చినప్పుడు పోలీసు కేసు పెట్టవచ్చు, పత్రిక వార్త రాయవచ్చు, ఊరు గుసగుసలాడవచ్చు. వీటన్నిటి మధ్య అతనికి మిగిలే ఆస్తి ఒక్కటే: ఇంకా నిరూపణ కాలేదు అన్న మాట. అది వ్యక్తికి ఎంత అవసరమో, ఆ మాటే లేకుండా చేసిన ఎనభై ఏళ్లలో లక్షలమంది ఏమయ్యారో చూస్తే తెలుస్తుంది. చట్టాన్ని రద్దు చెయ్యటానికి శాసనసభకు ఒక తీర్మానం చాలు. మాటను రద్దు చెయ్యటానికి శాసనసభ చాలదు. ఆ పని కథ రాసేవాళ్లది, పాఠం చెప్పేవాళ్లది, వార్త రాసేవాళ్లది. రిజిస్టరు నుంచి మన నాలుక మీదికి వచ్చిన మాటలు ఏవేవో ముందు లెక్క తీద్దాం. వాటిలో ఒక్కొక్కదాని వెనుక తనమీద మోపిన నేరానికి జవాబు చెప్పుకోనివ్వని మనుషులు వున్నారు.